పెట్రోలు ముల్లు పావు దాటి కిందికి దిగనివ్వకు

చిరంజీవి చిన్నాకు,

మామయ్య ఆశీస్సులు. రిజర్వ్ లైటు వెలిగాక కూడా ఇంకో యాభై కిలోమీటర్లు లాగించేస్తానని గొప్పగా రాశావు. బండి కదులుతుంది, నిజమే. ఆ దెబ్బంతా తినేది మాత్రం ట్యాంకులోంచి ఇంజన్‌కి పెట్రోలు తోడే పంపు.

ఇప్పటి బండ్లలో ఆ పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. కరెంటుతో తిరిగే ఆ చిన్న మోటారును చల్లబరచేదీ, అరగకుండా కాపాడేదీ దాని చుట్టూ, దానిలోంచి పోయే పెట్రోలే. మట్టం బాగా పడిపోతే వేడి పోయే దారి తగ్గిపోతుంది. ఒకట్రెండు సార్లకు ఏమీ కాదు కానీ, అదే అలవాటైతే పంపు ఆయుష్షు తరుగుతుంది. పైగా మలుపులోనో, ఎత్తు ఎక్కేటప్పుడో ఉన్న కాస్త పెట్రోలూ ఓ పక్కకి ఒరిగితే పంపు గాలి పీలుస్తుంది. ఇంజన్ కుదుపులిస్తూ మిస్‌ఫైర్ అవుతుంది, అంటే లోపల పెట్రోలు సరిగా మండదు. సిలిండర్లో మండకుండా మిగిలిన పెట్రోలు, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్ళి మండితే అది అతిగా వేడెక్కి పాడవుతుంది. చాలా ఖరీదైన భాగం అది. డీజిల్ బండయితే ఇంకా తంటా. హై ప్రెషర్ పంపుకి డీజిలే కందెన. లైన్లో గాలి చేరితే అది తీసేదాకా ఇంజన్ స్టార్ట్ కాకపోవచ్చు.

ట్యాంకు అడుగంటితే మురికంతా ఇంజన్లోకి పోతుందని భయపెడతారే, ఆ మాట నేను పెద్దగా పట్టించుకోను. ఫుల్‌గా ఉన్నా పంపు లాగేది అడుగునుంచే. దారిలో ఫిల్టరూ ఉంది.

అందుకని ముల్లు పావు దగ్గరికి రాగానే కొట్టించెయ్. బరువు తగ్గితే మైలేజీ పెరుగుతుందని సగమే పోయించుకుంటున్నావట! యాభై లీటర్ల పెట్రోలు సుమారు 37 కిలోలు, ఓ బడిపిల్లాడి బరువు. దానికోసం ఇంత లెక్కా? అయితే ఫుల్ అంటే ఆటో కటాఫ్ పడేదాకానే, బంకులో పెట్రోలు దానంతటదే ఆగేదాకా అన్నమాట. రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త పోయించావంటే, ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి ద్రవమే వెళ్ళి దాన్ని పాడుచేయొచ్చు.

ఇక నాలుగు నెలలు బండి పక్కన పెట్టి వెళ్తానన్నావు. పెట్రోలు నిల్వ సరుకు కాదు. తేలిగ్గా ఆవిరయ్యే భాగాలు ముందు పోతాయి, దాంతో స్టార్టింగ్ కష్టమవుతుంది. మిగిలింది గాలి తగిలి జిగురు కట్టి, ఇంజన్లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకు పడుతుంది. ఇథనాల్ కలిపినదైతే తేమనూ పీల్చుకుంటుంది. ఆ తేమ హద్దు దాటితే నీళ్ళూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి, పంపు లాగే అడుగుకే చేరతాయి. అందుకే వెళ్ళేముందు తాజా పెట్రోలుతో ట్యాంకు నింపు. పైన ఖాళీ తక్కువైతే గాలీ తేమా తక్కువే. పెట్రోలు త్వరగా చెడకుండా చేసే స్టెబిలైజర్ అనే మందు దొరికితే అప్పుడే కలిపి, కాసేపు బండి నడుపు, ఇంజెక్టర్ల దాకా వెళ్తుంది. రాగానే స్టార్ట్ కాకపోతే సెల్ఫ్ అదేపనిగా కొట్టకు, ముందు బ్యాటరీ చూపించు.

అన్నట్టు, గదిలో దాచిన ఆ పెట్రోలు డబ్బా సంగతి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల వెంటే పాకుతుంది. ఎక్కడో ఓ చిన్న నిప్పురవ్వ చాలు. అది ఈమధ్య కొన్నదే అయితే ఇవాళే బండిలో పోసెయ్. ఎప్పటిదో గుర్తులేకపోతే బండిలో పొయ్యకు, కాలవలోనూ పారబొయ్యకు. మెకానిక్‌ని అడిగి, పాత ఇంధనం తీసుకునే చోట అప్పజెప్పు.

ఇట్లు,
మామయ్య