ప్రోబయోటిక్ పొడి పెడితే పురుగుమందు ఆవు మెదడుకి ఎక్కదా?

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర. తోతాపురి తోటలో తేనెమంచు పురుగుకి మోనో (మోనోక్రోటోఫాస్) కొట్టిన మర్నాడు చెట్ల కింద గడ్డి మేసి మా జెర్సీ ఆవు చొంగ కారుస్తూ, వణుకుతూ పడిపోయింది. డాక్టర్ ఇంజెక్షన్లతో బతికింది. రోజూ ప్రోబయోటిక్ పొడి పెడితే ఇక ఏ మందూ మెదడుకి ఎక్కదని దాణా కొట్టు అతను ఎలుకల వీడియో చూపించాడు. కొనమంటారా?

జవాబు: దీనికోసమైతే వద్దు. వీడియో పూర్తిగా అబద్ధం కాదు, చిక్కు అక్కడే ఉంది. ఎలుక పిల్లలకి ప్రొపియోనిక్ ఆమ్లం ఎక్కువగా పట్టించి మెదడు దెబ్బతిన్నాక ప్రోబయోటిక్ పొడుల్లో ఉండే లాక్టోబాసిల్లస్, బిఫిడోబాక్టీరియం లాంటి మేలుచేసే బాక్టీరియా ఇస్తే నష్టం కొంత తగ్గినట్టు ప్రయోగాలు ఉన్నాయి. కానీ మీ ఆవు పెద్దపొట్టలో సూక్ష్మజీవులు రోజంతా తయారుచేసేది ఆ ప్రొపియోనిక్ ఆమ్లాన్నే! కాలేయం దాన్ని గ్లూకోజుగా మార్చుకుంటేనే మీకు పాలు. ఎలుక లెక్క ఆవుకి ఎలా కుదురుతుంది?

మోనో సంగతి వేరు. నరాల చివర ఊరి కబురు మోసే ఎసిటైల్‌కోలిన్‌ అనే రసాయనాన్ని పని అయ్యాక విరగ్గొట్టే ఎంజైము ఒకటుంది, ఈ మందు దాన్ని పట్టేసుకుంటుంది, దాంతో నరం ఆగకుండా కొట్టుకుంటూ చొంగ, కన్నీళ్లు, పారుడు, వణుకు, చివరికి ఊపిరాడకపోవడం, అన్నీ గంటల్లోనే. మీ ఆవుకి వేసిన వాటిలో ఈ విషానికి విరుగుడుగా వాడే అట్రోపిన్ ఉండే ఉంటుంది. ఆ పని ఏ పొడీ చేయలేదు. ఇంకోసారి అలా అయితే పెరుగు, మజ్జిగ గొట్టంతో పోయకండి, చొంగ కారుతూ వణికే ఆవుకి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి, మందు డబ్బా డాక్టర్‌కి చూపించండి. ఆవు ఒంటిమీద మందు పడితే మీ చేతులకి గ్లౌజులు వేసుకుని సబ్బునీళ్లతో కడగండి. పాలు ఎప్పటినుంచి వాడాలో డాక్టర్ చెప్పేదాకా ఇంట్లోకీ వద్దు, కేంద్రానికీ వద్దు, దూడకీ వద్దు.

మందు కొట్టకముందే గడ్డి కోసి పెట్టుకోండి. గడ్డి ఒక్కటే కాదు, స్ప్రేయర్ కడిగిన నీళ్లు పశువుల తొట్టి పక్కనే పారబోసేవాళ్లని చాలామందిని చూశాను, మీరూ ఒకసారి చూసుకోండి.

పొడి అసలు పనికిరాదని కాదు. ఆవు ఇంకా మేత సరిగా అందుకోకపోతే డాక్టర్‌ని అడిగి ఈస్ట్ ఉన్నది కొన్ని రోజులు పెట్టండి. యాంటీబయోటిక్ నడుస్తుంటే మాత్రం బాక్టీరియా పొడి చాలావరకు దండగ, అది వీటినీ చంపేస్తుంది.