ఉల్పాన్‌లో మూడో వారం: మానేయమంటున్నారు, ఏం చెయ్యను?

ప్రశ్న: మాది ముంబై నుంచి వచ్చిన బెనే ఇజ్రాయెల్ యూదు కుటుంబం. నాన్న ఉద్యోగం వల్ల నేను సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగాను. నాకు 38 ఏళ్లు. హైస్కూల్లో పన్నెండేళ్లు లెక్కలు చెప్పాను. రెండు నెలల క్రితం భర్త, ఇద్దరు పిల్లలతో (బాబుకు 9, పాపకు 5) ఇజ్రాయెల్ వచ్చేశాను. అష్దోద్‌లో ఉంటున్నాం. కొత్తగా వచ్చినవాళ్లకు ప్రభుత్వం హీబ్రూ నేర్పించే ఉల్పాన్‌లో చేరి మూడు వారాలైంది. క్లాసులో సగానికి పైగా రష్యన్ మాట్లాడేవాళ్లే. టీచరు బోర్డు మీద రాసింది నేను చదవలేకపోతున్నాను. చిన్నప్పటి నుంచి ప్రార్థన పుస్తకం చదువుతున్నా ఇలా ఎందుకవుతోందో తెలీదు. నన్ను ఏదైనా అడిగితే నోరు పెగలదు. బ్రేక్‌లో ఒక్కదాన్నే కూర్చుంటాను. మొన్న క్లినిక్‌లో బాబే నా బదులు మాట్లాడాడు. బయటికొచ్చాక, "అమ్మా, నువ్వు మాట్లాడకు, అందరూ చూస్తున్నారు" అన్నాడు. మావారు వారానికే ఉల్పాన్ మానేసి గోడౌన్‌లో పనికి చేరారు. ప్రభుత్వం ఇచ్చే సాల్ క్లితా డబ్బు ఆగిపోయేలోపు నన్ను కూడా మానేసి ఏదో ఒక పని చూసుకోమంటున్నారు. ఈ వయసులో నాకు హీబ్రూ వస్తుందా? – ఒక సోదరి, అష్దోద్

జవాబు: మానేయకండి. మీవారి భయంలో న్యాయం ఉంది కాబట్టి డబ్బు సంగతి కింద వివరంగా చెబుతాను. ముందు మీ బాధ గురించి మాట్లాడుకుందాం.

మీ తెలివికేమీ కాలేదు. పన్నెండేళ్లు బోర్డు ముందు నిలబడి పిల్లలకు చెప్పిన మనిషి ఇప్పుడు బెంచీ మీద కూర్చుని బోర్డు చదవలేకపోతున్నారు. పోయింది మీ స్థానం, మీ మాటకున్న విలువ. ఉల్పాన్‌లో మొదటి నెల ఎక్కువగా కుంగిపోయేది బాగా చదువుకుని, మంచి ఉద్యోగం చేసి వచ్చినవాళ్లే. తప్పు మాట్లాడటం వాళ్లకు అలవాటు లేదు. భాష మాత్రం తప్పులు మాట్లాడితేనే వస్తుంది. పిల్లలు తొందరగా నేర్చుకోవడానికి సగం కారణం వాళ్లు తప్పుకు సిగ్గుపడకపోవడమే.

ఇక బోర్డు సంగతి. ప్రార్థన పుస్తకంలో ఉండేది అచ్చు అక్షరం. దాని కింద, పైన నికుద్ అనే చుక్కలూ గీతలూ ఉంటాయి. అ, ఇ, ఉ లాంటి అచ్చుల శబ్దాలు అవే చెబుతాయి. టీచరు బోర్డు మీద రాసేది చేతిరాత, దాని రూపమే వేరు. పైగా నికుద్ కూడా త్వరగానే తీసేస్తారు. బస్సు బోర్డులు, బ్యాంకు ఉత్తరాలు, పేపర్లు వేటిలోనూ అది ఉండదు. అంటే మీకు వచ్చిన లిపి ఒకటి, క్లాసులో నడుస్తున్నది ఇంకొకటి. మీకు అక్షరాలు వచ్చని టీచరు అనుకుంటున్నారు, రావని మీరు అనుకుంటున్నారు. ఈ ఒక్కటీ సరిచేసుకుంటే సగం భారం దిగుతుంది.

హీబ్రూలో 22 అక్షరాలు. అయిదింటికి పదం చివర వేరే రూపం ఉంటుంది కాబట్టి మొత్తం 27. రోజుకు నాలుగు చొప్పున చేతిరాతలో దిద్దితే వారంలో అయిపోతాయి. చేతిరాతలో షిన్ ఇంగ్లిష్ చిన్నబడి 'e' అక్షరంలా ఉంటుంది, త్సాదీ 3 అంకెలా ఉంటుంది. గిమెల్, జయిన్ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి, అందరూ తడబడేది అక్కడే. అచ్చులో తికమకపెట్టేవి వేరు: దాలెత్-రేష్, బెత్-కాఫ్, హే-హేత్. ఒక్కో జతను పక్కపక్కనే పదేసి సార్లు రాయండి. ఆ వారం రోజులూ టీచర్ని అడిగి బోర్డు ఫొటో తీసుకుని, ఇంటికెళ్లాక అచ్చు అక్షరాల్లోకి మార్చి రాయండి. నాలుగైదు రోజులకే చెయ్యి అలవాటు పడుతుంది.

ఉచ్చారణలో తెలుగువాళ్లకు చిక్కు రెండు చోట్ల. జయిన్ శబ్దం మన 'జ' కాదు, నాలుక పైన తగలకుండా బుసలా రావాలి. హేత్ శబ్దం గొంతులోంచి గరగరమని వస్తుంది, మన 'హ' పలికితే మాట మారిపోతుంది. క్రియలకు ఆడ, మగ తేడా ఉంటుందని బెదిరిపోకండి. "నేను మాట్లాడుతున్నాను" అనడానికి మగవాళ్లు అనీ మెదబేర్ అంటారు, ఆడవాళ్లు అనీ మెదబెరెత్ అంటారు. ఇంట్లో మరాఠీ మాట్లాడే ఉంటారు కదా, అందులో 'నేను వెళ్తాను' అనడానికి మగవాళ్లు 'మీ జాతో', ఆడవాళ్లు 'మీ జాతే' అన్నట్టే. మీ క్లాసులో చాలామందికి లేని ఆసరా మీకుంది, వాడుకోండి.

ఉల్పాన్ తీరు గురించి కూడా ఒక మాట. మొదటి ఉల్పాన్ జెరూసలేంలో 1949లో మొదలైంది. హీబ్రూను హీబ్రూలోనే చెప్పడం అక్కడి పద్ధతి. వేర్వేరు దేశాలవాళ్లున్న క్లాసులో ఎవరి భాషలోకి మార్చి చెప్పగలరు? టీచరు ఇంగ్లిష్‌లో చెప్పకపోతే మిమ్మల్ని పట్టించుకోవడం లేదని కాదు. ముందు వరసలోకి మారండి. ఈ నాలుగు ముక్కలు నోటికి పట్టండి: లో హెవంతి (అర్థం కాలేదు), ఓద్ పాఅమ్ బెవకషా (దయచేసి ఇంకోసారి), యోతేర్ లెఅత్ (ఇంకాస్త నెమ్మదిగా), ఎఖ్ ఓమ్రీమ్ (ఎలా అంటారు). రోజుకు రెండుసార్లయినా వీటిలో ఒకటి పైకి అనాలని నియమం పెట్టుకోండి. అడిగినప్పుడు నోరు పెగలక ఊరుకోవడం కంటే లో హెవంతి అనడం నయం. అప్పుడు టీచరు మీ వైపు తిరిగి చెబుతారు.

అక్కడ టీచర్ని పేరు పెట్టే పిలుస్తారు. హీబ్రూలో మన 'మీరు' లాంటి మన్నన రూపం లేదు. ఎంత పెద్దవాళ్లనైనా మగవారైతే అతా, ఆడవారైతే అత్ అనే అంటారు. మీ మాట పూర్తికాకుండానే టీచరు "అలా కాదు" అని అడ్డుపడితే, అది మన స్కూళ్లలో నలుగురిలో తిట్టడం లాంటిది కాదు. తప్పు దిద్ది మరుక్షణం మరిచిపోతారు. మీరు మాత్రం ఇంటికొచ్చాక కూడా తలుచుకుని బాధపడుతూ ఉండి ఉంటారు.

క్లాసులో రోజుకు ముప్ఫై కొత్త మాటలు వచ్చినా అన్నీ పట్టుకోవాలని చూడకండి. పది ఎంచుకోండి, ఒక్కోదాన్నీ మీ ఇంటికి సంబంధించిన చిన్న వాక్యంలో రాయండి, ఫోన్‌లో మీ గొంతుతో రికార్డు చేసి మర్నాడు బస్సులో వినండి. క్రియాపదాల రూపాలకు పెఅలీమ్ వెబ్‌సైటు, మాటల అర్థాలకు మోర్ఫిక్స్ నిఘంటువు చాలు, ఇంకో నాలుగు యాప్‌లు పెట్టుకోవద్దు. అన్నిటికంటే ముఖ్యం, హోంవర్కు ఇంటికి తీసుకెళ్లకండి. పగటి ఉల్పాన్ మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంటకు అయిపోతుంది. పాప బడి వదలడానికి ఇంకా టైముంటుంది. ఆ ముప్పావు గంట అక్కడే ఖాళీ గదిలోనో, దగ్గర్లోని లైబ్రరీలోనో కూర్చుని పని ముగించుకుని బయల్దేరండి. గడప దాటి లోపలికెళ్తే వంట, బట్టలు, పిల్లలు. మీ పుస్తకం మళ్లీ తెరవరు. చాలామంది ఆడవాళ్లు ఉల్పాన్‌లో వెనకబడేది ఇక్కడే.

ఇంత చేశాక కూడా నెల చివరికి క్లాసు అందకపోతే, స్థాయి గురించి కోఆర్డినేటర్‌తో నేరుగా మాట్లాడండి. కొత్తగా మొదలైన అలెఫ్ (మొదటి స్థాయి) క్లాసులోకి మారడం అవమానం కాదు. ఆలస్యం చేస్తే మాత్రం అయిదు నెలలూ వినడంతోనే గడిచిపోతాయి.

బ్రేక్‌లో రష్యన్ మాట్లాడే గుంపు పక్కన కూర్చుంటే ఒంటరితనం పెరుగుతుంది. వాళ్లకు మీ మీద కోపమేం లేదు, అలసిపోయి సొంత భాషలో ఊపిరి తీసుకుంటున్నారంతే. క్లాసులో ఫ్రెంచో, స్పానిషో, అమ్హారికో మాట్లాడే ఒకరిద్దర్ని వెతుక్కోండి. మీకూ వాళ్లకూ మధ్య విరిగిన హీబ్రూ ఒక్కటే ఉంటుంది. మాట్లాడక తప్పని మనిషి దొరకడం పెద్ద అదృష్టం. "ఇండియాలో యూదులున్నారా?" అని ఎవరైనా అడిగితే నొచ్చుకోకండి. అనీ యెహూదియా మెహోదూ, నేను ఇండియా యూదురాలిని అని చెప్పండి. ఈ ప్రశ్న మీకంటే ముందొచ్చినవాళ్లకు ఇంకా కటువుగా ఎదురైంది. 1960ల మొదట్లో బెనే ఇజ్రాయెల్ వాళ్ల పెళ్లిళ్లకే మత పెద్దలు అడ్డుచెబితే, వాళ్లు నిరసనకు కూర్చున్నారు. 1964లో ఇజ్రాయెల్ పార్లమెంటు, బెనే ఇజ్రాయెల్ వాళ్లు అన్ని విధాలా యూదులేనని ప్రకటించింది. అష్దోద్‌లో ఆ కుటుంబాలు చాలా ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం వాళ్ల సినగాగ్‌కు వెళ్లండి, ఎవరింట్లోనైనా మలీదా (బెనే ఇజ్రాయెల్ వాళ్ల మొక్కుబడి ప్రార్థన) జరిగితే పిల్లల్ని తీసుకెళ్లండి. వారానికి ఒక్క పూట మీరు ఎవరో వివరించి చెప్పనక్కర్లేని చోట కూర్చోవాలి.

బాబు విషయం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. వాడి మాటకు కోప్పడకండి. తొమ్మిదేళ్ల వాడు క్లినిక్‌లో అమ్మ ఒంటి బాధ పరాయి భాషలో డాక్టరుకు చెప్పాల్సి వచ్చింది. అది వాడు మోయగలిగిన బరువు కాదు. అందుకే అలా అన్నాడు. ఇకమీదట క్లినిక్, బ్యాంకు, స్కూలు మీటింగు వీటికి వాణ్ని దుబాసీగా తీసుకెళ్లొద్దు. క్లినిక్‌కు వెళ్లే ముందు మూడు వాక్యాలు కాగితం మీద రాసుకోండి, డాక్టరుతో ఇంగ్లిష్‌లో మాట్లాడొచ్చేమో అడగండి, లేదా సినగాగ్‌లో పరిచయమైన పెద్దావిణ్ని తోడు రమ్మనండి.

వాడి దగ్గర మీ స్థానం నిలబెట్టేది మీ లెక్కలే. హీబ్రూ కుడి నుంచి ఎడమకు రాసినా, లెక్కలు మాత్రం అక్కడ కూడా ఎడమ నుంచి కుడికే రాస్తారు. వాడి లెక్కల పుస్తకం తీసి పక్కన కూర్చోండి. వెఓద్ అంటే కూడిక, పహోత్ తీసివేత, కఫూల్ గుణకారం, శావే అంటే సమానం. శలోష్ వెఓద్ అర్బా శావే శేవా: మూడూ నాలుగూ ఏడు. మాట తప్పు పలికితే వాడు దిద్దుతాడు, లెక్క తప్పితే మీరు దిద్దుతారు. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఇంట్లో తెలుగు, మరాఠీ మానేసి హీబ్రూయే మాట్లాడాలని మాత్రం పట్టుబట్టొద్దు. పిల్లలకు హీబ్రూ బడిలో ఎలాగూ వస్తుంది, మనసులో మాట చెప్పుకునే భాష ఇంట్లో ఉండాలి.

ఇప్పుడు డబ్బు. ఈ లెక్క మీవారి ముందు కాగితం మీద వెయ్యండి. సాల్ క్లితా మొదటి చెల్లింపు తర్వాత ఆరు నెలల పాటు వాయిదాల్లో వస్తుంది. ఉల్పాన్ అయిదు నెలలు. మీరు వచ్చి రెండు నెలలు, చేరి మూడు వారాలు. అంటే చివరి వాయిదా, చివరి క్లాసు దాదాపు ఒకే సమయానికి వస్తాయి. అంతవరకు మీవారి జీతం, ఈ వాయిదాలు కలిపి ఇల్లు నడపగలరా అన్నదే ప్రశ్న. చాలకపోతే మధ్యాహ్నం నాలుగు తర్వాత చేసే పని చూసుకోండి. ఇంగ్లిష్‌లో పిల్లలకు లెక్కల ట్యూషను మీరు రేపే మొదలుపెట్టగలరు. ఉదయాలు మాత్రం అమ్ముకోవద్దు. ఈ మధ్యలో ఊరికి వెళ్లిరావాలనిపిస్తే ఒక జాగ్రత్త: దేశం బయట ఉన్న కాలానికి ఆ డబ్బు రాదు.

మీవారు పనిలో చేరినప్పుడు ఫారం 101 నింపి ఉంటారు. అందులో కొత్తగా వలస వచ్చినట్టు రాశారో లేదో చూడమనండి. వలసదారులకు ఆదాయపు పన్నులో అదనపు మినహాయింపు పాయింట్లు ఉంటాయి, అది రాయకపోతే జీతంలో ఎక్కువ కోత పడుతుంది. జీతం చీటీ నెలనెలా దాచమనండి. ఆయన పూర్తిగా ఉల్పాన్ వదిలేయనక్కర్లేదు. సాయంత్రం క్లాసులుంటాయి. వలస శాఖ కార్యాలయంలో అష్దోద్‌లో ఎక్కడ, ఏ రోజుల్లో అని అడగండి. పగలంతా సరుకులు మోసి వచ్చినవాడికి అది కష్టమే, నిజం. అందుకని ఆ సాయంత్రాలు ఇంటి పని ఆయన మీద వెయ్యకండి.

మీరు మళ్లీ టీచరు కావాలంటే డిగ్రీ గుర్తింపు కావాలి, హీబ్రూ కూడా గట్టిగా రావాలి. మీ డిగ్రీ, బీఎడ్ సర్టిఫికెట్లకు భారత విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర (విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ) ఉందా? లేకపోతే హైదరాబాద్‌లో ఉన్న బంధువులకు ఈ వారమే అసలు కాగితాలు పంపే ఏర్పాటు చెయ్యండి. ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ కావాలి, అందుకే రోజులు పడతాయి. అవి వచ్చాక ఇజ్రాయెల్ విద్యా శాఖలో విదేశీ డిగ్రీల మదింపు విభాగానికి దరఖాస్తు చేసుకోవాలి.

ఒకవేళ రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఉదయం ఉల్పాన్ అనగానే గుండె దడ ఉంటే ఫ్యామిలీ డాక్టరుకు చెప్పండి. రాత్రిపూట మనసు మరీ బరువెక్కితే ఎరాన్ సహాయవాణి 1201కి ఫోన్ చెయ్యండి. ఆదివారం క్లాసుకు వెళ్లగానే ముందు వరసలో కూర్చుని, బోర్డు ఫొటో తీసుకుంటానని టీచర్ని అడగండి.