వెన్ను ద్రవంలో ప్రొటీన్ పెరిగితే కుక్కకు మాంసం మానిపించాలా?

ప్రశ్న: మా మందకు కాపలా ఉండే నాలుగేళ్ల కుక్కకు పన్నెండు రోజుల కిందట వెనుక కాళ్లు పట్టు తప్పాయి. మూడు రోజుల్లో ముందు కాళ్లూ పడిపోయి, గొంతు బొంగురుపోయింది. నోటి దగ్గర పెడితే తింటోంది, పిలిస్తే తోక ఊపుతోంది. రోజూ పచ్చి కోడి మాంసం పెట్టేవాళ్లం. తొమ్మిదో రోజున నడుము దగ్గర తీసిన వెన్ను ద్రవంలో ప్రొటీన్ 96, కణాలు 2 అని వచ్చింది. ఇది మెదడువాపని, ప్రొటీన్ ఎక్కువైంది కనుక మాంసం, గుడ్లు ఆపి స్టిరాయిడ్ సూదులు వేయించమని మందుల దుకాణంలో చెప్పారు. ఏం చేయాలి?

జవాబు: ముందు గుడ్లు, ఉడికించిన మాంసం తిరిగి పెట్టండి. వెన్ను ద్రవంలోని ప్రొటీన్‌కూ తినే తిండికీ ఏ సంబంధమూ లేదు. కండ కరిగిపోతున్న జీవికి మాంసకృత్తులు ఆపడం దానికి రెండో దెబ్బ.

ఇది మెదడువాపులా లేదు. మెదడు పొరలు వాస్తే ప్రొటీన్‌తో పాటు తెల్లకణాలు కూడా పెరగాలి. మీ నివేదికలో 100 మి.లీ.కు 45 మి.గ్రా. లోపు ఉండవలసిన ప్రొటీన్ 96కు చేరగా, కణాలు 5 లోపే ఉన్నాయి. ఒంటి రక్షణ వ్యవస్థ సొంత నరాల మొదళ్లపైనే దాడి చేసినప్పుడు అక్కడి రక్తనాళాల కట్టడి సడలి రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్ వెన్ను ద్రవంలోకి ఊరుతుంది, కణాలు మాత్రం అంతగా చేరవు. మనుషుల్లో ఈ తీరును 1916లో గిలేన్, బారే, స్ట్రోల్ అనే ఫ్రెంచి వైద్యులు వివరించారు. కుక్కల్లో దీన్ని పాలీరాడిక్యులోన్యూరైటిస్ అంటారు. తొలి రోజుల్లో ప్రొటీన్ మామూలుగానే ఉండవచ్చు, మెడ వెనుక తీసిన ద్రవంలో పెరుగుదల కనబడకపోవచ్చు కాబట్టి, మీ వైద్యుడు తొమ్మిదో రోజున నడుము దగ్గర తీయడం సరైన పని. అయితే ద్రవం తీసిన గంటలోపే కణాలు లెక్కించారా, అందులో రక్తం కలిసిందా అని అడగండి. ఆలస్యమైతే కణాలు చితికిపోయి లెక్క తగ్గుతుంది, రక్తం కలిస్తే ప్రొటీన్ ఉత్తినే పెరుగుతుంది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ స్టిరాయిడ్ సలహా. ఈ జబ్బులో వాటివల్ల మేలు జరుగుతుందన్న రుజువు లేదు, పైగా కండ క్షీణత పెరుగుతుంది. ఇప్పటికే కొన్ని రోజులుగా వేస్తుంటే ఒక్కసారిగా ఆపకుండా పశువైద్యుడి చేత మోతాదు తగ్గించుకుంటూ రండి. దుకాణంలో సలహా చెప్పినవారు కుక్క మోకాలు తట్టి కాలు కదులుతుందో లేదో చూడలేదు, నివేదికలో రెండో అంకెను, అంటే కణాల లెక్కను, చదవలేదు. వారి మాట మీద సూది వేయించకండి.

అసలు వైద్యం సేవే. మెత్తటి పక్క వేసి 4 గంటలకోసారి కుక్కను ఒక వైపు నుంచి మరో వైపుకు తిప్పి పడుకోబెట్టండి. రోజుకు 3 సార్లు, ఒక్కో కాలికి 10 నిమిషాలు కీళ్లను మెల్లగా చాచి ముడవండి. ఛాతీ నేలకు ఆనించి, తల నిలబెట్టి తినిపించండి. మూత్రంతో తడిసిన చోటు వెంటనే కడిగి ఆరబెట్టండి. పొట్ట ఎగదోస్తూ ఊపిరి తీస్తుంటే ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్చాలి. చాలా కుక్కలు కొన్ని వారాల్లో లేస్తాయి, కొన్నింటికి నెలలు పడుతుంది. పచ్చి కోడి మాంసంలోని కాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాకూ ఈ జబ్బుకూ సంబంధం కనబడింది కనుక ఇకపై పచ్చిది పెట్టవద్దు.

గొంతు మారి కాళ్లు పడిపోయిన కుక్కలో రేబిస్‌నూ అనుమానించాలి. పన్నెండు రోజులుగా తింటూ, తోక ఊపుతున్న కుక్కలో ఆ అవకాశం చాలా తక్కువ. అయినా దానికి టీకా వేయించి ఉండకపోతే, దాని చొంగ ఎవరి గాయానికైనా తగిలి ఉంటే, వారు ఈ రోజే వైద్యుణ్ని కలవాలి.