చూరు నీళ్ళు ఎటు పోతున్నాయో చూశాకే గట్టర్ కొను

అమ్మాయీ,

నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసుకుని చూశాను. గోడ మీద పైనుంచి కిందిదాకా పచ్చగా చార కట్టింది. గుమ్మం పక్కన నేల గుంట పడింది. చూరు కింద వాన నీళ్ళు పట్టే తొట్టి, అదే గట్టర్, ఒకచోట పొట్ట జారినట్టు కిందికి వంగింది. మేస్త్రీ వచ్చి "మొత్తం పీకేసి పెద్ద సైజుది వేసేద్దాం" అన్నాడని రాశావు. అతని మాట తప్పని నేననను. కానీ ఎందుకు కారుతోందో తేలకుండా దాని మీద చెయ్యి వెయ్యనివ్వకు. నేను ఒకసారి ఆ పొరపాటు చేశాను.

అప్పట్లో మా ఇంటి గట్టర్ పొంగి వరండాలోకి కొట్టేది. సైజు చాలడం లేదనుకుని 4 అంగుళాలది తీయించి 6 అంగుళాలది వేయించాను. చూడ్డానికి దర్జాగానే ఉంది. తర్వాత పడ్డ పెద్ద వానకే మళ్ళీ పొంగింది. పైగా ఈసారి ఎక్కువ నీళ్ళు నిలిచి ఆ బరువుకి రెండు బ్రాకెట్లు ఊడి వచ్చాయి. నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, కిందికి దిగే గొట్టాన్ని పాతదే ఉంచేశాను. దాని నోరు అంతే, మధ్యలో ఉన్న రెండు వంపులూ అంతే. తొట్టి ఎంత పెద్దదైతే ఏం లాభం, తూము చిన్నదైతే?

అందుకని ముందు ఒక గొడుగు వేసుకుని, జోరు వానలో ఇంటి చుట్టూ ఒక్కసారి తిరుగు. ఉరుములు లేనప్పుడే సుమా. పొడి రోజున నిచ్చెన ఎక్కి గంటసేపు చూసినా తెలియనిది వానలో పది నిమిషాల్లో తెలుస్తుంది. నీళ్ళు గట్టర్ ముందు అంచు మీంచి దూకుతున్నాయా, వెనక్కి గోడ వైపు జారుతున్నాయా? ముందుకి దూకితే లోపల చెత్త పేరుకుందని గానీ, వాలు పోయిందని గానీ, గొట్టం మింగలేకపోతోందని గానీ అర్థం. సరిగ్గా గొట్టం దగ్గరే పొంగుతుంటే అనుమానం మొదట గొట్టం మీదే. వెనక్కి జారుతుంటే గట్టర్ సైజుది తప్పు కాదు. కప్పు అంచు పొట్టిగా ఉంది, లేదా గట్టర్ వెనక్కి వాలింది. అతుకుల దగ్గర మాత్రమే చుక్కలు పడుతుంటే సీలు పోయిందంతే, అది సగం పూట పని. రెండు కప్పు వాలులు కలిసే మూల దగ్గర మాత్రమే నీళ్ళు ఎగిరి దూకుతుంటే అక్కడ చిన్న అడ్డు రేకు చాలు. వాన వెలిశాక రెండు గంటలకి మళ్ళీ చూడు. ఇంకా నీళ్ళు నిలిచి ఉంటే వాలు లేనట్టే. ఆ నిలవ నీళ్ళలో దోమలు పెరుగుతాయి, రేకు అయితే అక్కడే తుప్పు మొదలవుతుంది.

ఇదంతా చూశాక కూడా మార్చక తప్పదనిపిస్తే అప్పుడు సైజు సంగతి. దీనికి పెద్ద లెక్కలేమీ అక్కర్లేదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీ కప్పులో వీధి వైపు వాలు కింద నేల మీద కొలిస్తే 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం, అంటే 50 చదరపు మీటర్లు. గంటకి 100 మిల్లీమీటర్ల జోరుతో వాన కురిస్తే గంటకి 5,000 లీటర్లు. అంటే నిమిషానికి దాదాపు 83 లీటర్లు, అయిదారు బకెట్లు. ప్రతి నిమిషం ఆ చూరు మీంచి అయిదారు బకెట్లు కుమ్మరిస్తున్నట్టు ఊహించుకో, ఏం కావాలో నీకే తెలుస్తుంది. అంత జోరు వాన అయిదు నిమిషాలే ఉండొచ్చు, కానీ గోడ పాడయ్యేది ఆ అయిదు నిమిషాల్లోనే. కప్పు బాగా నిటారుగా ఉంటే గాలికి ఏటవాలుగా వచ్చే వానని కూడా అది పట్టుకుంటుంది, కాబట్టి లెక్క కాస్త పెంచుకో.

సగం గుండ్రం గట్టర్ 4 అంగుళాలది, 6 అంగుళాలది పక్కపక్కన పెడితే పెద్దది ఒకటిన్నర రెట్లే అనిపిస్తుంది. పట్టే నీళ్ళు మాత్రం రెండింతలకు పైనే, సరిగ్గా చెప్పాలంటే 2.25 రెట్లు. నిండితే బరువూ అంతే పెరుగుతుంది. అందుకే సైజు పెంచినప్పుడు బ్రాకెట్లు పాతవే ఉంచితే నాకు జరిగినట్టే జరుగుతుంది.

ఏ సరుకు మంచిదని అడిగావు. పీవీసీ తేలిక, తుప్పు పట్టదు, చేతి పనితనం ఉంటే నువ్వే బిగించుకోవచ్చు. ఎండకి ఏళ్ళ తరబడి ఆరి పెళుసవుతుంది. దానికి ఇంకో గుణం ఉంది, చాలామంది పట్టించుకోరు. వేడికి బాగా సాగుతుంది. 4 మీటర్ల ముక్క 30 డిగ్రీలు వేడెక్కితే ఇంచుమించు 7 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. అందుకే అతుకు ముక్కల లోపల ఒక గీత ఉంటుంది, గట్టర్‌ని ఆ గీత దాకానే తొయ్యాలి. గట్టిగా ఉండాలని చివరికంటా దూర్చి, పైన గమ్ము కూడా పూసేవాళ్ళున్నారు. మొదటి ఎండాకాలానికే అది వంకర తిరుగుతుంది.

జింకు పూత పూసిన ఇనుప రేకు గట్టిది, నిచ్చెన తగిలినా అంత తేలిగ్గా సొట్ట పడదు. కానీ కోసిన అంచుల దగ్గర పూత ఉండదు, తుప్పు అక్కడి నుంచే పాకుతుంది. కోసిన ప్రతి చోటా జింకు పెయింటు వేశారో లేదో నువ్వే నిలబడి చూడు. సముద్రపు గాలి తగిలే ఇంటికి ఇది వద్దంటాను. రాగి గట్టర్ తరాలు నిలుస్తుంది, దాని సంగతి డబ్బున్నవాళ్ళకి వదిలేద్దాం. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో, రాగి మీంచి కారిన నీళ్ళు జింకు పూతని, అల్యూమినియంని తినేస్తాయి. కప్పులో ఎక్కడైనా రాగి రేకు ఉంటే ఆ నీళ్ళు వాటి మీద పడనివ్వకూడదు.

నా ఓటు అల్యూమినియంకే. తుప్పు లేదు, బరువు లేదు. కొందరు చుట్టలు చుట్టిన రేకుని మెషీన్‌తో సహా ఇంటికే తెచ్చి, చూరు ఎంత పొడవుంటే అంత పొడవున ఒకే ముక్కగా వంచి ఇస్తారు. అతుకులు మూలల దగ్గర తప్ప ఉండవు. అతుకు లేకపోతే అక్కడ కారే సమస్యే లేదు కదా. సొట్టలు పడటం ఒక్కటే దానికున్న లోపం.

ఇక అసలు పని, వాలు. మీ ఇంట్లో పోయింది ఇదేనని ఫోటో చూసి నా అనుమానం. 10 మీటర్ల పొడవుకి 20 నుంచి 30 మిల్లీమీటర్ల పల్లం చాలు. కింద నిలబడి చూస్తే కంటికి తెలియదు, నీళ్ళకి తెలుస్తుంది. నీళ్ళు తొందరగా పోవాలని వాలు మరీ ఎక్కువ పెడితే పల్లపు చివర గట్టర్ కప్పు అంచుకి చాలా కిందికి దిగిపోతుంది, అప్పుడు గాలి వీచిందంటే నీళ్ళు గట్టర్‌లో పడకుండా అవతలికి దూకుతాయి. మెరక చివర ఒక బ్రాకెట్, పల్లం చివర ఒక బ్రాకెట్ ముందు బిగించి, రెండింటి మధ్యా నూలు తాడు లాగి కట్టమను. మిగతావన్నీ ఆ తాడుకే ఆనాలి. "కంటి లెక్కతో పెట్టేస్తానండీ, అనుభవం ఉంది" అంటే నవ్వుతూనే తాడు తెచ్చి చేతికివ్వు. చూరు 12 మీటర్లు దాటితే ఒకే గొట్టం మీద భారం వెయ్యొద్దు. మధ్యలో మెరక పెట్టి రెండు వైపులా పల్లం తీసి, రెండు కొసలా రెండు గొట్టాలు దించడం మేలు.

బ్రాకెట్లు 2 అడుగులకి ఒకటి ఉండనీ. పీవీసీకి మీటరుకి ఒకటి చాలంటారు, నాకు మాత్రం నమ్మకం లేదు. మూలల దగ్గర, అతుకుల దగ్గర, గొట్టం దిగే చోట పక్కనే విడిగా ఒక్కొక్కటి ఉండాలి. పాతది విప్పగానే వెనకున్న చెక్క పలకని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. మెత్తగా దిగిందంటే కుళ్ళిపోయింది. కుళ్ళిన చెక్కకి కొత్త గట్టర్ బిగించడమంటే దాన్ని గాలిలో వేలాడదీయడమే. మేకులు వద్దు, స్క్రూలే వాడించు, అవి తుప్పు పట్టనివి అయ్యుండాలి. గట్టర్ వెనక అంచు కన్నా ముందు అంచు రవ్వంత కిందికి ఉంటే మంచిది. ఎప్పుడైనా పొంగినా నీళ్ళు ముందుకి పడతాయి, గోడలోకి పోవు. కప్పు అంచు గట్టర్‌లోకి ఒకటిన్నర, రెండు అంగుళాలు రావాలి. అంత రాకపోతే కప్పు కింది నుంచి గట్టర్‌లోకి ఒక రేకు పట్టీ వంచి పెట్టాలి. మీ గోడ మీద పచ్చచార ఎక్కడి నుంచి మొదలవుతోందో చూస్తే, అక్కడ ఈ పట్టీ లేదనే అనిపిస్తోంది.

రేకు ముక్కలు అతికేటప్పుడు ఎగువ ముక్క దిగువ ముక్క లోపలికి కూర్చోవాలి. తిరగేసి పెడితే నీళ్ళు సందులోకి ఎదురు దూరతాయి. అతుకు సందులు మూసే సిలికాన్ జిగురుని, రేకు పొడిగా, శుభ్రంగా ఉన్నప్పుడే, లోపలి వైపు పూయాలి. పూసేటప్పుడు ముక్కుకి పుల్లటి ఘాటు తగిలే రకం జింకు పూత మీద వద్దు, పూతని తినేస్తుంది. ఆ పుల్లటి వాసన లేని న్యూట్రల్ రకం అడుగు.

కింది గొట్టం గురించి నా కథ ముందే చెప్పాను. నోరు పెద్దదిగా, వంపులు తక్కువగా ఉండాలి. పై ముక్క కింది ముక్కలోకి దిగాలి. కింద నీళ్ళు పునాది దగ్గరే వదిలెయ్యొద్దు, కనీసం ఓ 2 మీటర్ల దూరం తీసుకెళ్ళాలి. మీ గుమ్మం పక్కన గుంట పడిందంటే ఇన్నాళ్ళూ పునాదికి నువ్వే నీళ్ళు పోస్తున్నావన్నమాట! మరుగుదొడ్డి లైనులో మాత్రం కలపనివ్వకు, పెద్ద వానకి అది ఇంట్లోకి ఎదురు తన్నొచ్చు. వీలుంటే ఒక ట్యాంకులోకి మళ్ళించు. ఆ 50 చదరపు మీటర్ల మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్లు. మొదట వచ్చే మురికి నీళ్ళు బయటికి వదిలేసి, తర్వాతవి పట్టుకుంటే మొక్కలకి సరిపోతాయి.

ఆకులు పడకుండా జాలీ వేయించమంటారు. వేయించు, కానీ ఇక శుభ్రం చెయ్యక్కర్లేదన్న మాట నమ్మకు. సన్నటి ఆకులు, మట్టి, పూల రేకులు జాలీ మీదే పేరుకుని నీళ్ళని ముందుకి దూకిస్తాయి. ఏడాదికి రెండుసార్లు, అందులో ఒకటి వానలకి ముందు, చెత్త తీయించాల్సిందే. స్పాంజి ముక్కల్లాంటివి లోపల కూరే రకం నాకసలు నచ్చదు, కొన్నాళ్ళకి అందులోంచే మొక్కలు మొలుస్తాయి.

నిచ్చెన నువ్వు ఎక్కాల్సి వస్తే నా మాట విను. 4 అడుగుల ఎత్తుకి 1 అడుగు చొప్పున కింది కాళ్ళు గోడకి దూరంగా ఉండాలి. గట్టర్‌కి ఆనించొద్దు, గోడకి ఆనించు. చెయ్యి అందట్లేదని పక్కకి వాలొద్దు, దిగి నిచ్చెన జరుపుకో. కరెంటు తీగలు దగ్గరుంటే అల్యూమినియం నిచ్చెన బయటికే తియ్యొద్దు. ఒంటరిగా ఎక్కితే మాత్రం నాకు చెప్పకు, టెన్షన్ పడతాను.

ఇంకో సంగతి, ఫోటోలో వెనక వైపు బూడిద రంగు సిమెంటు గట్టర్ లాంటిది కనిపించింది. పాత ఇళ్ళలో అలాంటివి ఆస్బెస్టాస్ కలిసినవి అయ్యుండొచ్చు. దాన్ని రంపంతో కోయడం, పగలగొట్టడం, ఆ పొడిని చీపురుతో ఊడవడం ఏదీ చెయ్యనివ్వకు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఎన్నో ఏళ్ళ తర్వాత ప్రాణం మీదికి వస్తుంది. అది తెలిసినవాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలి. అప్పటిదాకా దాని జోలికి పోకండి.

పని అయిపోయింది అనగానే సంతకాలు, లెక్కలు మొదలుపెట్టకు. సిలికాన్ ఆరాక మెరక చివర కుళాయి పైపుతో నీళ్ళు వదిలి, పల్లం దాకా నువ్వే కళ్ళతో వెంబడించు. ఎక్కడా ఆగకూడదు, వెనక్కి కారకూడదు. కింది గొట్టం నోట్లో ఒక్కసారిగా రెండు బకెట్లు కుమ్మరించి చూడు. చివరి మొత్తం కొంత పట్టి ఉంచి, ఒక పెద్ద వాన చూశాక ఇస్తానని మొదటి రోజే చెప్పు, తర్వాత చెబితే మొహాలు మాడతాయి.

చూరు పొడవు, కప్పు వెడల్పు, ఇప్పుడున్న గొట్టం నోటి కొలత రాసి పంపు. వాన పడుతున్నప్పుడు గొట్టం దగ్గర ఒక నిమిషం వీడియో కూడా తియ్యి. అది చూశాక మేస్త్రీతో ఫోన్‌లో నేనే మాట్లాడతాను, అతనికి కోపం రాకుండానే.

ఉంటాను,
మీ పెదనాన్న