షిఫ్ట్ డ్యూటీ చేస్తూ ఎంబీఏ
అన్నా, షిఫ్టుల వల్ల క్లాసులకి వెళ్లలేకపోతున్నా, ఎంబీఏ కోసం జాబ్ మానేయాలా అని అడిగావు కదా, అస్సలు మానొద్దు. ఇగ్నో, అంటే ఇంటి నుంచే చదువుకునే ఓపెన్ యూనివర్సిటీ, దాని ఎంబీఏ చూడు, రెండేళ్ల కోర్సే గానీ నాలుగేళ్ల దాకా టైం ఇస్తారు, పరీక్షలు జూన్, డిసెంబర్లలో ఉంటాయి. అసలు ఇబ్బంది అసైన్‌మెంట్లతోనే, వాటికి 30 శాతం వెయిటేజీ, చాలామంది చివరి వారం దాకా నాన్చి అప్పుడు ఆగమాగం అవుతారు. నువ్వు వీక్లీ ఆఫ్ రోజు పొద్దున్నే ఒక్క ప్రశ్న రాసి పక్కన పెట్టెయ్, మార్కెటింగ్ ప్రశ్నయితే మీ కంపెనీ డీలర్లనే ఉదాహరణగా తీసుకో, పుస్తకంలోది ఉన్నదున్నట్టు దించేయకు. సబ్మిట్ చేశాక రసీదు జాగ్రత్త, మార్కులు ఎక్కకపోతే అదే ఆధారం. డేట్ షీట్, అంటే పరీక్షల టైంటేబుల్ రాగానే లీవ్ పెట్టెయ్, ముందే చెబితే సూపర్‌వైజర్‌కి షిఫ్ట్ మార్చడం తేలిక.