‘ప్రమాద నిర్వహణ’ అంటే ప్రమాదాలు జరిపించడమా?

సందేహం: నీటిపారుదల ప్రాజెక్టుల్లో ఇంజనీరును. టెండర్ పత్రాలకు తెలుగులో సంగ్రహం రాయమన్నారు. ‘రిస్క్ మేనేజ్‌మెంట్’ను ‘ప్రమాద నిర్వహణ’ అని రాస్తే ఆఫీసులో అందరూ నవ్వారు. అందులో తప్పేముంది? సరైన మాట ఏది?

సమాధానం: వాళ్లు నవ్వడంలో న్యాయం ఉందండీ. సభ నిర్వహణ, ఉత్సవాల నిర్వహణ అని రోజూ వినే చెవికి ‘ప్రమాద నిర్వహణ’ అంటే ఎవరో పూనుకుని ప్రమాదాలు జరిపిస్తున్నట్టే ఉంటుంది. (సంస్కృతంలో ప్రమాదమంటే ఏమరుపాటు. ‘ప్రమాదో ధీమతామపి’, అంటే తెలివైనవాళ్లకూ ఏమరుపాటు తప్పదు అన్నది బస్సు బోల్తా గురించి కాదు.)

అసలు చిక్కు ‘రిస్క్’లోనే ఉంది. ఏం ముంచుకు రావచ్చు అన్నదీ, వస్తే ఎవరి నెత్తిన పడుతుంది అన్నదీ రెండూ ఆ ఒక్క మాటే మోస్తోంది. తెలుగులో రెండింటికీ విడివిడిగా మాటలున్నాయి.

మొదటిది ముప్పు. ‘ప్రమాదం పొంచి ఉంది’ అంటాం, ‘ప్రమాదం జరిగింది’ అనీ అంటాం. ‘ముప్పు జరిగింది’ అని మాత్రం ఎవరూ అనరు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగాన్నే చూడండి. పైన అమ్రాబాద్ పులుల అడవి, కాబట్టి మధ్యలో ఎక్కడా పైనుంచి బావులు తవ్వే వీల్లేదు. లోపల రాయి ఎక్కడ గట్టిదో ఎక్కడ గుల్లదో తవ్వితే గానీ పూర్తిగా తెలియదు. అది ముప్పు. 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. అది ప్రమాదం.

రెండోది పూచీ. ‘బాధ్యత’ చాలదా అంటారేమో. బాధ్యత మాటవరసకూ తీసుకోవచ్చు, పూచీలో డబ్బుంది. ఎవరి అప్పుకో పూచీకత్తు సంతకం చేసినవాణ్ణి అడగండి, తేడా చెబుతాడు. ‘వరదకు కాఫర్ డ్యామ్ (పని జరిగేచోట నీళ్లు రాకుండా వేసే తాత్కాలిక అడ్డుకట్ట) కొట్టుకుపోతే రిస్క్ కాంట్రాక్టరుదే’ అన్న వాక్యంలో ఉన్నది ఈ పూచీయే.

జలయజ్ఞంలో వాడిన ఈపీసీ పద్ధతికి కూడా మన దగ్గర పాత మాటే సరిపోతుంది. సర్వే, డిజైన్, కట్టడం మొత్తం ఒకే ధరకు ఒకరికే అప్పజెప్పడం అంటే అచ్చంగా గుంపగుత్త. పనితో పాటు ముప్పులు కూడా చాలావరకు గుత్తేదారుకే పోవాలన్నది దాని ఉద్దేశం, కాగితం మీదైనా. గుత్తేదారు అన్న మాటలో ఉన్న ‘గుత్త’ కూడా ఇదే, అది మరిచిపోయి ‘కాంట్రాక్టరు’కు అనువాదం వెతుకుతుంటారు.

‘డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్’ను, అంటే పని పూర్తయ్యాక బయటపడే లోపాలను గుత్తేదారే సొంత ఖర్చుతో సరిచేయాల్సిన కాలాన్ని, ‘లోపాల పూచీ గడువు’ అనండి. మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) 2023 అక్టోబరులో కుంగాక, మరమ్మతు ఖర్చు ఎవరిదన్న వాదన ఆ గడువు తీరిందా లేదా అన్నచోటికే వచ్చింది. ఇంత గొడవకు కారణమైన మాట చదివేవాడికి అర్థం కావాలి కదా.

మీ అధ్యాయానికి ‘ముప్పులు – పూచీలు’ అని పేరు పెట్టండి, ‘నిర్వహణ’ అక్కర్లేదు. ‘రిస్క్ రిజిస్టర్’ను ‘ముప్పుల చిట్టా’ అంటే చాలు. కామర్స్ పుస్తకాల్లో ‘నష్టభయం’ కనిపిస్తుంది. షేర్లలో డబ్బు పెట్టినవాడికి అది సరే, గోదావరికి వరదొస్తే పోయేది డబ్బొక్కటే కాదు. ఇక సైటులో ఎవరైనా ‘ఆయన రిస్క్ తీసుకున్నాడు’ అంటే దాన్ని మాత్రం ముట్టుకోకండి, అలాగే ఉండనివ్వండి.