చెరువు గట్టు మీదే కెమెరా ఫొటోలు చూడాలంటే

తమ్ముడూ, తాళ్లరేవు దగ్గర మీ చేపల చెరువు గట్టున పెట్టిన ట్రాప్ కెమెరా (జంతువు కదిలితే దానంతట అదే ఫొటో తీసేది) మెమరీ కార్డు ఫోన్‌లో కనిపించడం లేదని, ఫొటోల కోసం ప్రతిసారీ ఇంటికి పరుగెత్తాల్సి వస్తోందని రాశావు. తప్పు కార్డుది కాకపోవచ్చు. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓటీజీ (బయటి పరికరాలను ఫోన్‌కు తగిలించుకునే సదుపాయం) ఆన్ చేస్తేనే కార్డును ఫోన్‌కు తగిలించే కార్డ్ రీడర్ పనిచేస్తుంది, కాసేపు వాడకపోతే దానంతట అదే ఆగిపోతుంది కూడా. ముందు అది చూడు.

"ఫార్మాట్ చేయాలా?" అని ఫోన్ అడిగితే మాత్రం ఒప్పుకోవద్దు. నేను తొందరలో సరే నొక్కి పది రోజుల ఫొటోలు పోగొట్టుకున్నాను, ఇప్పటికీ బాధే. ఫార్మాట్ ఎప్పుడూ కెమెరాలోనే చెయ్యి. కెమెరా ఆఫ్ చేశాకే కార్డు తియ్యి. రెండు కార్డులుంటే ఒకటి తీసి ఇంకొకటి పెట్టెయ్యొచ్చు, గట్టు మీద ఎక్కువసేపు ఉండక్కర్లేదు. చేతులు పొడిగా తుడుచుకో, అక్కడి ఉప్పుగాలికి కార్డు వెనకున్న పసుపు రేకులు పాడవుతాయి.

ఇక నువ్వు చెప్పిన జంతువు పొట్టి తోక, ఒంటి మీద నల్ల మచ్చలు చూస్తే అది చేపలు పట్టి తినే అడవి పిల్లి, బావురుపిల్లేమో. కోరింగ మడ అడవుల్లో ఉంటుంది. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్న జంతువు, ఉచ్చు పెట్టొద్దు. ఫొటో తీసుకెళ్లి అటవీ శాఖ వాళ్లకు చూపించు.